షాపుకు ‘అన్నీ ఒక్కదాంట్లనే’ సర్వర్ తీసుకోవచ్చా? నాకు తెలిసింది చెప్త

తమ్ముడు, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. స్టేషన్ రోడ్డుల పైపులు మోటార్ల హోల్‌సేల్, ములుగు రోడ్డుల గోదాం, కరీంనగర్‌ల ఒక బ్రాంచి, అన్నీ కలిపి 14 సిస్టమ్స్. ఒకాయన వచ్చి టవర్ సర్వర్ ఒకటి పెడ్త, యూజర్లు, ఫైళ్ళు, మెయిల్, ఫైర్‌వాల్ (ఇంటర్నెట్ దిక్కు కాపలా), బ్యాకప్ అన్నీ ఒక్క సాఫ్ట్‌వేర్‌లనే వస్తయి అని కొటేషన్ ఇచ్చిండు. ఇంకొకాయన ఇదంతా పాత కథ, మొత్తం క్లౌడ్‌ల, అంటే ఇంటర్నెట్ మీద వేరే కంపెనీ సర్వర్లల్ల, పెట్టేయ్ అంటున్నడు. మీ నాయినేమో పెన్‌డ్రైవ్ ఉండంగ ఈ ఖర్చంతా ఎందుకురా అంటున్నడు. ముగ్గురిట్ల ఎవరు కరెక్టు అని నీ ప్రశ్న.

వెండర్లు ఇద్దరూ సగం సగం కరెక్టు. మీ నాయిన మాటల గూడ ఒక పాయింటు ఉన్నది, దానికి తర్వాత వస్త.

నేను 2001 నుంచి హన్మకొండల ఇదే పని చేస్తున్న. ముందు అసెంబ్లింగ్, తర్వాత నెట్‌వర్కింగ్, ఇప్పుడు జిన్నింగ్ మిల్లులు, రైస్ మిల్లులు, విత్తనాల షాపులు, రెండు మూడు నర్సింగ్ హోములు చూసుకుంట. ఈ ఆల్-ఇన్-వన్ సర్వర్లు పెట్టిన, తీసిన, పడిపోతే రాత్రంతా కూసొని లేపిన. అందుకే జర లంబా రాస్త, ఓపిక ఉంటే చదువు.

ముందు సంగతి, ఈ ప్యాకేజీ సర్వర్ ముచ్చట కొత్తది కాదు. మైక్రోసాఫ్ట్‌ది స్మాల్ బిజినెస్ సర్వర్ అని ఉండేది, మేము ఎస్‌బీఎస్ అనేటోళ్ళం. 1997ల మొదలైంది, అప్పుడు 25 మంది వరకే, 2000 వెర్షన్‌ల 50 మంది, 2003 వెర్షన్‌ల 75 మంది. 2003ది మన దగ్గర బాగ నడిచింది. విండోస్ సర్వర్, మెయిల్‌కు ఎక్స్చేంజ్, ఫైళ్ళు పంచుకోను షేర్‌పాయింట్, ఫ్యాక్స్, అవుట్‌లుక్ అన్నీ ఒక్క డబ్బాల. ప్రీమియం తీసుకుంటే డేటాబేస్‌కు ఎస్‌క్యూఎల్ సర్వర్, ఐఎస్ఏ ఫైర్‌వాల్ గూడ. అమెరికాల స్టాండర్డ్ రేటు 5 మంది వాడుకునే లైసెన్సులతోని 599 డాలర్లు ఉండె, అదే టైముల ఉత్త విండోస్ సర్వర్ 2003 స్టాండర్డ్ 5 లైసెన్సులతోని 999. అంటే బనియన్ ఒక్కటే కొంటే వెయ్యి, బనియన్ షర్టు ప్యాంటు మూడూ కలిపి కొంటే ఆరు వందలు. ఇదేం లెక్క అని కస్టమర్లు నన్నే అనుమానంగ చూసేటోళ్ళు, డూప్లికేట్ మాల్ ఏమో అని.

లెక్క ఏందంటే, తక్కువకు ఇచ్చి చుట్టూ కంచె కట్టిండ్రు. అన్నీ ఒకే మిషన్ల ఉండాలె, ఆ డొమైన్‌ల (ఆఫీసు యూజర్లు, సిస్టమ్స్ అన్నీ కలిసిన గుంపు) రెండో ఎస్‌బీఎస్ ఉండొద్దు, వేరే డొమైన్‌తోని చుట్టరికం కలుపుకునుడు కుదరది, 75 దాటితే ఇంటి బయటికి. 2003 వెర్షన్‌ల అయితే టెర్మినల్ సర్వర్ గూడ ఇయ్యలేదు, అంటే బ్రాంచి నుంచి టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌ల పని చెయ్యాలంటె వేరే సర్వర్ కొనుక్కోవాల్సిందే. ఏ ప్యాకేజీ చూసినా నువ్వు ముందు చూడాల్సింది ఈ కంచెనే. లోపల ఏమేం ఉన్నయో వెండర్ పాట పాడి మరీ చెప్తడు, కంచె ఎక్కడ ఉందో అడిగితే గని చెప్పడు.

అయినా సరే నేను ఎస్‌బీఎస్‌కు ఫ్యాన్‌నే. ఎందుకంటె చాలమంది అనుకుంటరు దాని లాభం రేటు అని. రేటు కాదు. ఎవరో తెలివైనోళ్ళు కూసొని నీ బదులు 200 నిర్ణయాలు ముందే తీసుకొని పెట్టిండ్రు, అదీ లాభం. దాంట్ల ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఒక విజార్డు ఉండేది, నాలుగైదు స్క్రీన్లు నెక్స్ట్ నెక్స్ట్ కొడితే డీఎన్ఎస్, ఫైర్‌వాల్, మెయిల్, బయటి నుంచి లాగిన్, సర్టిఫికెట్ అన్నీ ఒకదానికొకటి సరిపోయేటట్టు సెట్ అయ్యేటివి. అదే పని చేతితోని చేస్తే నాలుగు చోట్ల చేసి ఐదోది మర్చిపోతం, ఆ ఐదోది ఎప్పుడో ఆదివారం రాత్రి బయట పడ్తది. కొత్త మనిషి వస్తే ఒక్కసారి పేరు ఎంటర్ చేస్తే లాగిన్, మెయిల్, ఫోల్డర్, ప్రింటర్ అన్నీ వచ్చేటివి. మనిషి మానేస్తే ఒక్క చోట బంద్ చేస్తే చాలు. నీ అసోంటి షాపుకు ఇది మామూలు విషయం కాదు, సేల్స్ పిలగాడు పక్క షాపుల చేరిన రోజే వాని లాగిన్ ఆగిపోవాలె, లేకుంటే నీ డీలర్ రేట్లన్నీ నెల రోజులు వాడు కూసొని చూస్తనే ఉంటడు. నేను కళ్ళారా చూసిన.

ఇంకో లాభం ఎవరూ చెప్పరు. మన డబుల్ బెడ్రూం ఇండ్ల కాలనీలు చూసినవ్ కదా, ఏ ఇంట్లకు పోయినా వంటిల్లు ఎడ్మ దిక్కుంటే అన్నిట్ల ఎడ్మ దిక్కే, కరెంటు లేకున్నా స్విచ్ బోర్డు ఎక్కడుందో చెయ్యి పెట్టి చెప్పొచ్చు. ఎస్‌బీఎస్ గట్లనే ఉండేది. వేరేటోడు పెట్టిన సర్వర్ దగ్గరికి పోయినా నాకు ఫోల్డర్లు, పాలసీలు, బ్యాకప్ ఎక్కడెక్కడ ఉన్నయో ముందే ఎరుక. చిన్న వ్యాపారానికి ఇది పెద్ద బీమా, ఎందుకంటె నీ సర్వర్ పెట్టినోడు రేపు హైద్రాబాద్‌ల ఉద్యోగం దొరికి పోతడు, దుబాయ్ పోతడు, లేకుంటే ఫోన్ ఎత్తడు. చేతితోని ముక్క ముక్క కలిపి కట్టిన సర్వర్ అయితే వాని బుర్రల ఉన్న మ్యాపు వానితోనే పోతది. విడివిడిగ మంచి మంచి సాఫ్ట్‌వేర్లు ఏరుకొని పెట్టుకుంటే బెస్ట్ కదా అని అడుగుతరు కొందరు. ఐటీ మనిషి జీతం మీద ఉన్న కంపెనీకి అయితే అవును. నెలకోసారి నా అసోంటోడు వచ్చి గంట సేపు చూసి పోయే షాపుకు కాదు.

సరే ఇప్పుడు రెండో దిక్కు. 2008 మేడారం జాతర టైముల ఒక జిన్నింగ్ మిల్లు నుంచి ఫోన్, మెయిల్స్ వస్తలెవ్వు పోతలెవ్వు. సర్వర్ ఆన్‌లనే ఉంది, ఇంటర్నెట్ ఉంది, ఫైళ్ళు తెరుచుకుంటున్నయి. సర్వర్ పెట్టిన పిలగాడు బంగారం మొక్కు ఉందని ఇంటిల్లిపాది జాతరకు పోయిండు, అక్కడ అంత జనంల ఫోన్ ఎక్కడ కలుస్తది. పత్తి సీజన్, కోయంబత్తూరు నుంచి పార్టీల మెయిల్స్ రావాలె, సేటు తలకాయ పట్టుకొని కూసున్నడు. నేను పోయి సర్వర్ తన తప్పులు రాసుకునే ఈవెంట్ లాగ్ తెరిస్తే, ఎక్స్చేంజ్ డేటాబేస్ 16 జీబీ అయింది, అది దాని లిమిట్, ముట్టంగనే తనంతల తాను డిస్‌మౌంట్ అయ్యింది, అంటే ఆగిపోయింది. ఎక్కించగానే మళ్ళ దిగిపోతున్నది. 2005లనే ఎక్స్చేంజ్‌కు సర్వీస్ ప్యాక్ 2 అనే అప్‌డేట్ వచ్చింది, దాన్ని వేసి లిమిట్ పెంచుకుంటే 75 జీబీ దాక పోవచ్చు, గని అక్కడ ఎవరూ వెయ్యలే. అప్పటికప్పుడు విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీల ఒక వాల్యూ పెడితే తాత్కాలికంగ ఒక్క జీబీ ఎక్కువ ఇస్తది, అది పెట్టి మెయిల్ లేపి, బ్యాకప్ తీసి, రాత్రి సర్వీస్ ప్యాక్ ఎక్కించిన. తెల్లారి నాలుగయ్యింది, వాచ్‌మన్ చాయ్ తెచ్చిచ్చిండు, ఆ చాయ్ ఇంకా గుర్తుంది.

గమ్మతేందంటే, ఆ సర్వర్ రోజూ పొద్దుగాల్ల రిపోర్టు పంపేది. డిస్క్ ఎంత నిండింది, ఏ సర్వీస్ ఆగింది, ఎవరి మెయిల్ బాక్స్ ఎంత పెద్దగైంది అన్నీ దాంట్ల ఉంటయి. పంపేది అడ్మినిస్ట్రేటర్ మెయిల్‌కు. ఆ మెయిల్ తెరిచేటోడు ఆ మిల్లుల ఎవడూ లేడు. నేను తెరిస్తే వందల రిపోర్టులు చదవకుంట పడి ఉన్నయి, అవి గూడ అదే 16 జీబీల చోటు తింటున్నయి. ప్యాకేజీ సర్వర్ పని చేసి పెడ్తది తమ్ముడు, నీ బదులు చూసి పెట్టదు. నువ్వు ఏ సర్వర్ తీసుకున్నా ఆ రిపోర్టు నీ ఫోన్‌ల చూసే మెయిల్‌కు వచ్చేటట్టు పెట్టించుకో, అదీ ఆ సర్వర్‌ల ఉన్న మెయిల్ కాకుంట బయటి మెయిల్‌కు.

ఇంకొకటి, బయటికి వచ్చే తొవ్వ. 2012 జులైల మైక్రోసాఫ్ట్ ఎస్‌బీఎస్ ఇగ బంద్ అన్నది, 2011 వెర్షనే చివరిది. 2020 జనవరి 14 నాడు దాని సపోర్టు గూడ అయిపోయింది. దాన్ల నుంచి వేరే సర్వర్‌కు మారాలంటె ఉన్న తిప్పలు చూడు, డొమైన్ పెత్తనం అంతా ఎస్‌బీఎస్ చేతులనే ఉండాలని రూలు. పెత్తనం వేరే సర్వర్‌కు ఇచ్చినవ్ అనుకో, 21 రోజుల గడువు, ఆలోపల మొత్తం సామాను మార్చుకోవాలె, లేకుంటే తనంతల తాను షట్‌డౌన్ అయితుంటది. కొత్తింట్ల ఇంకా తలుపులు పెట్టలేదు, పాతింటి ఓనర్ రోజుకోసారి కరెంటు బంద్ చేస్తున్నట్టు. నేను ఇట్ల తొమ్మిది ఆఫీసులు మార్చిన, ప్రతి ఒక్క దాంట్ల ఎక్కడో ఒక దగ్గర చెమటలు పట్టినయి.

దాని తర్వాత మైక్రోసాఫ్ట్ తెచ్చిన విండోస్ సర్వర్ ఎసెన్షియల్స్ మంచిగుండె. 25 మంది యూజర్లు, 50 సిస్టమ్స్, మనిషికో లైసెన్స్ కొనే పని లేదు. దాంట్ల ఒక పని అద్భుతం, రాత్రి ఆఫీసుల ఉన్న ప్రతి సిస్టమ్‌ను తనే బ్యాకప్ తీసుకునేది, అన్ని సిస్టమ్స్‌ల ఒకే తీరు ఉన్న డేటాను ఒక్కసారే దాసేది, హార్డ్ డిస్క్ పోతే కొత్తది పెట్టి మొత్తం సిస్టమ్ ఎట్లున్నది అట్ల దించొచ్చు. 2019 వెర్షన్‌ల ఆ డాష్‌బోర్డు, ఆ బ్యాకప్ అన్నీ తీసేసిండ్రు. ఇప్పుడు సర్వర్ కంపెనీలు మిషన్‌తోని కలిపి అమ్మే ఎసెన్షియల్స్‌ల పేరు, లైసెన్స్ లెక్క తప్ప పాత రుచి లేదు. వెండర్ ‘ఎసెన్షియల్స్‌ల అన్నీ వస్తయి సార్’ అంటే వాడు 2012 జ్ఞానంతోని చెప్తున్నడని అర్థం చేసుకో.

నీ కొటేషన్‌ల ఉన్నది విండోస్ బదులు లైనక్స్ మీద నడిచే ఆల్-ఇన్-వన్. ఈ రకంల జెన్‌టయల్, నెథ్‌సర్వర్, యూనివెన్షన్ అని కొన్ని ఉన్నయి. పనికిరానివి అని నేను అనను. 2012 డిసెంబర్‌ల సాంబా 4 అనే సాఫ్ట్‌వేర్ వచ్చినప్పటి నుంచి విండోస్ సిస్టమ్స్‌ను డొమైన్‌ల కలుపుడు లైనక్స్‌తోని గూడ నడుస్తది, 14 సిస్టమ్స్‌కు మస్తు సరిపోతది. గని కింద పునాది ఏందో అడుగు. నెథ్‌సర్వర్ 7 సెంట్‌ఓఎస్ 7 అనే లైనక్స్ మీద కట్టింది, ఆ సెంట్‌ఓఎస్ 7కు అప్‌డేట్స్ 2024 జూన్ 30 నాడు ఆగిపోయినయి, కొత్త నెథ్‌సర్వర్ 8 మొత్తం వేరే తీరు. పునాది పోతే పైన రంగులు ఎంత మంచిగున్నా ఏం లాభం. ఏ వెర్షన్, దానికి అప్‌డేట్స్ ఏ తారీఖు దాక వస్తయి, ఈ రెండూ కొటేషన్‌ల రాసియ్యమను. రాయనంటే అక్కడ్నే ఆగు. ఇంకోటి, ఆయన కాక వరంగల్, హన్మకొండ, కాజీపేటల ఈ సాఫ్ట్‌వేర్ తెలిసినోళ్ళు ఇంకెవరున్నరో ఒక్క పేరు అడుగు. డబుల్ బెడ్రూం ఇంటి ముచ్చట చెప్పిన కదా, ఆ లాభం రావాలంటె ఆ ప్లాను తెలిసిన మేస్త్రీ ఇంకొకడు ఊర్ల ఉండాలె.

ఇప్పుడు ప్యాకేజీల నుంచి ఏది తీసెయ్యాలె అంటే, మెయిల్ తీసెయ్. ఆఫీసుల సర్వర్‌ల మెయిల్ పెట్టుకునే రోజులు పోయినయి. మామూలు బ్రాడ్‌బ్యాండ్ ఐపీ నుంచి మెయిల్ పంపితే సగం స్పామ్‌ల పడ్తయి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ వాళ్ళు ఎస్‌పీఎఫ్, డీకిమ్ అసోంటి ‘ఇది అసలు మెయిలే’ అని చూపే గుర్తులు లేని మెయిల్స్‌తోని ఇంకా కఠినంగ ఉంటున్నరు. రాత్రి కరెంటు పోయి సర్వర్ ఆగితే నీ మెయిల్ ఆగినట్టే. మైక్రోసాఫ్ట్ 365 గాని గూగుల్ వర్క్‌స్పేస్ గాని తీసుకో, మెయిల్ అవసరం ఉన్న ఆరుగురికే తీసుకో, లోడింగ్ పిలగానికి మెయిల్ ఎందుకు. ఇక్కడ క్లౌడ్ అన్నాయన వంద శాతం కరెక్టు. ఒక్క మాట, డొమైన్ పేరు, అంటే మెయిల్ అడ్రసుల @ తర్వాత వచ్చేది, నీ పేరు మీద, నీ ఫోన్ నంబర్ మీద, నీ కార్డుతోని రిజిస్టర్ చెయ్యి. వెండర్ తన అకౌంట్‌ల చేసి, తర్వాత పంచాయితీ అయితే నీ షాపు పేరు వాని గుప్పిట్ల ఉంటది.

ఫైర్‌వాల్ గూడ అదే డబ్బాల వద్దు. ఇంటర్నెట్ ముఖం మీద నిలబడే మిషన్‌ల నీ లెక్కలు పెట్టుడు అంటే గల్లాపెట్టె తీస్కపోయి గేటు కాడ పెట్టినట్టు. చిన్న ఫైర్‌వాల్ రూటర్ వేరేగ తీసుకో, అంతే.

మరి అంతా క్లౌడ్ ఎందుకు వద్దంటే, మన రోడ్లు. డ్రైనేజీ అని, పైపులైను అని ఎప్పుడూ ఎక్కడో తవ్వుతనే ఉంటరు, ఫైబర్ తెగితే ఒక్కోసారి సాయంత్రం దాక రాదు. రోహిణి కార్తెల రైతు బోరు మోటార్ కోసం ట్రాక్టర్ ఏసుకొని వచ్చి నిలబడ్డడు, నువ్వు నెట్ లేదు బిల్లు కాదు అంటే పక్క షాపుకు పోతడు. బిల్లింగ్, స్టాకు షాపులనే ఉండాలె, మెయిల్ క్లౌడ్‌ల ఉండాలె, బ్యాకప్ రెండు చోట్ల ఉండాలె. నా లెక్క గింతే.

ఇగ అసలు సంగతి టాలీ. నీ ప్రశ్నల నువ్వు టాలీ ముచ్చట ఒక్క లైన్ల రాసి వదిలేసినవ్ గని నీ సర్వర్ కొనేదే దాని కోసం. ఒకే ఆఫీసుల పది మంది చేసుకోవాలంటె టాలీప్రైమ్ గోల్డ్ కావాలె, సిల్వర్ ఒక్క మనిషికే. డేటా ఫోల్డర్, అదే నంబర్ల పేర్లతోని ఉంటయి కదా, అది సర్వర్‌ల పెట్టి అందరికి షేర్ ఇస్తరు. ఇది వైఫై మీద చెయ్యకు, దండం పెడ్త. ఎంట్రీ కొట్టేటప్పుడు వైఫై ఒక్క సెకను తెగితే డేటా ఖరాబు అయితది, ఇగ రిపేర్ కొట్టుకుంట కూసోవాలె, రిపేర్ కొడితే కొన్నిసార్లు వోచర్లు మాయం అయితయి. కేబుల్ గుంజించు.

కరీంనగర్ ముగ్గురు గూడ అదే టాలీల చెయ్యాలంటె ఫోల్డర్ షేర్ ఇంటర్నెట్ మీద ఇయ్యరాదు, వాళ్ళు రిమోట్ డెస్క్‌టాప్‌తోని సర్వర్ లోపలికి వచ్చి చెయ్యాలె. అందుకు విండోస్ కావాలె, నీ లైనక్స్ ప్యాకేజీతోని కాదు. నీ కొటేషన్‌ల ఈ ముచ్చటే లేదు. ఎసెన్షియల్స్‌ల గూడ ఇది కుదరది, విండోస్ సర్వర్ స్టాండర్డ్ కావాలె. ఇంకా చూడు, రిమోట్ డెస్క్‌టాప్‌కు మామూలు లైసెన్స్ కాకుంట ఆర్‌డీఎస్, అంటే రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్స్ మనిషికొకటి వేరేగ కొనాలె. అది కొనకుంట పెట్టినా 120 రోజులు ఫ్రీగ నడుస్తది, అందుకే చాలమంది వెండర్లు చెప్పకుంట పెట్టి పోతరు. నాలుగు నెలలకు ఒక రోజు పొద్దుగాల బ్రాంచి వాళ్ళు లాగిన్ కాలేరు, అప్పుడు ఫోన్ చేస్తే ‘సార్ అది ఎక్స్‌ట్రా’ అంటడు. నా దగ్గరికి ఇట్ల వచ్చిన కేసులు లెక్క పెట్టుడు మానేసిన.

ఇంకో ఘోరం చెప్త. ఒక హార్డ్‌వేర్ షాపుల ఈ రిమోట్ డెస్క్‌టాప్‌ను వీపీఎన్ (ఇంటర్నెట్ మీద తాళం వేసిన సొంత తొవ్వ) లేకుంట నేరుగ ఇంటర్నెట్ మీద తెరిచి పెట్టిండ్రు, పాస్‌వర్డ్ షాపు పేరు పక్కన 123. సోమవారం వచ్చి చూస్తే టాలీ ఫైళ్ళు, పాత టాలీల చివర్ల .900 అని ఉండేటివి కదా, అన్నిటికి ఏదో పొడుగు పేరు తగిలి ఉంది, డెస్క్‌టాప్ మీద పైసలు కట్టమని నోటు. సర్వర్‌ల రెండు డిస్కులు మిర్రర్ ఉండె, సేటు ధీమాగ ఉన్నడు రెండోదాంట్ల ఉంటది కదా అని. మిర్రర్ అంటే అద్దం, ముఖం మీద మసి పడితే అద్దంల గూడ మసే కనబడ్తది, రెండు డిస్కులూ పోయినయి. బ్యాకప్ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ల ఉండె, అది మూడేండ్ల నుంచి సర్వర్ వెనక యూఎస్‌బీల పెట్టే ఉంది, అది గూడ పోయింది.

అప్పుడు వాళ్ళ గుమాస్తా, అరవై దాటినాయన, మెల్లగ ‘సార్ నేను శనివారం శనివారం పెన్‌డ్రైవ్‌ల కొట్టుకొని ఇంటికి తీస్కపోత’ అన్నడు. ఆయనకు ఎవరూ చెప్పలే, పాత రోజుల ఫ్లాపీ నుంచి అలవాటు. ఆ శనివారంది దొరికింది. ఆ ఒక్క రోజు మళ్ళ ఎక్కియ్యాల్సిన పని గూడ లేదు, ఆదివారం షాపు బంద్.

మీ నాయిన పాయింటు ఇదే. పెన్‌డ్రైవ్ సర్వర్‌కు బదులు కాదు గని, మిషన్ నుంచి గుంజి వేరే ఇంట్ల పెట్టిన కాపీ ఒకటి ఉండాల్సిందే. కాకపోతే పెన్‌డ్రైవ్ బదులు రెండు హార్డ్ డిస్కులు కొని వారం వారం మార్చు, ఆ పని మీ నాయినకే అప్పజెప్పు, నీకంటే పద్ధతిగ చేస్తడు.

అయితే నీకు నేను పెట్టమనేది, స్టేషన్ రోడ్డుల ఒక మామూలు టవర్ సర్వర్, విండోస్ సర్వర్ స్టాండర్డ్. ఆ లైసెన్స్‌తోని రెండు వర్చువల్ మిషన్లు, అంటే ఒకే డబ్బాల రెండు వేరు వేరు సర్వర్లు, నడుపుకోవచ్చు, ఒకదాంట్ల యూజర్లు, రెండోదాంట్ల టాలీ, కరీంనగర్ వాళ్ళ రిమోట్. దాని పక్కన ప్యాకేజీ సుఖం కావాలంటె సైనాలజీ అసోంటి కంపెనీ నాస్ (నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల డబ్బా) ఒకటి తీసుకో, ఇయ్యాల నా లెక్కల చిన్న వ్యాపారానికి పాత ఎస్‌బీఎస్ వారసుడు ఎవరంటే అదే. ఫైళ్ళ షేరింగ్, ఫైళ్ళు ఏ టైముల ఎట్లుండెనో దాసే స్నాప్‌షాట్లు, రాత్రి సర్వర్‌ను, సిస్టమ్స్‌ను బ్యాకప్ తీసుకునే సాఫ్ట్‌వేర్ అన్నీ డబ్బాతోనే వస్తయి, సరిపోయే మోడల్ చూసుకోవాలె అంతే. ములుగు రోడ్డు గోదాంల రెండో చిన్న నాస్ పెట్టి దీని కాపీ దానికి పోయేటట్టు చెయ్యి. నాస్‌ను మాత్రం ఇంటర్నెట్ మీద నేరుగ తెరవకు, 2022ల డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి పైసలు అడిగేది) క్యూనాప్ కంపెనీ నాస్‌లల్ల బయటికి తెరిచి ఉన్నయే వెతికి పట్టింది. వీటికి గూడ కంచె ఉంటది, కంపెనీ తన డిస్కులే పెట్టుకోవాలె అంటది, మళ్ళ కాదంటది, కాబట్టి కొనేముందు ఏ డిస్కులు సరిపోతయో లిస్టు చూడు.

మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఇంకో సంగతి ఉంది. లెక్కల బ్యాకప్ రోజూ ఇండియాల ఉన్న సర్వర్‌ల ఉండాలని 2022 ఆగస్టు నుంచి రూలు, 2023 ఏప్రిల్ నుంచి సాఫ్ట్‌వేర్‌ల ఏం మార్చిండ్రో రాసుకునే ఎడిట్ లాగ్ గూడ ఆన్‌ల ఉండాలె. ప్రొప్రైటర్ అయితే ఈ రెండు నీకు వర్తించవు, జీఎస్టీ రికార్డులు మాత్రం వార్షిక రిటర్న్ గడువు తారీఖు నుంచి 72 నెలలు దాయాలె. మీ సీఏను ఒకసారి అడుగు.

యూపీఎస్ గురించి ఒక్క ముక్క. ఇన్వర్టర్ మీద సర్వర్ నడిపియ్యకు. యూపీఎస్ తీసుకొని దాని వెనక యూఎస్‌బీ కేబుల్ ఉంటది కదా, డబ్బాల్నే మూట కట్టి పడేస్తరు, అది సర్వర్‌కు పెట్టించు, బ్యాటరీ అయిపోయే ముందు సర్వర్ తనే మంచిగ ఆగిపోతది. మే నెలల ఎండకు బ్యాటరీలు తొందరగ ఖతమైతయి, ప్రతి ఎండాకాలం ముందు ఒకసారి ప్లగ్ గుంజి ఎన్ని నిమిషాలు నిలుస్తదో చూడు. సర్వర్‌ను దేవుని పటం కింద పెట్టకు, ఊదు పొగంతా ఫ్యాన్లల్లకే పోతది, నవ్వకు, మూడు షాపులల్ల చూసిన.

ఆ కొటేషన్ పేర్లు, ఫోన్ నంబర్లు కనబడకుంట ఫోటో తీసి ఇక్కడ పెట్టు. ఆర్‌డీఎస్ లైన్ ఉందా, మామూలు లైసెన్సులు ఎన్ని వేసిండ్రు, వెర్షన్ తారీఖు రాసిండ్రా చూసి చెప్త. ఈ వారం పత్తి మిల్లు పని మీద నర్సంపేట దిక్కు తిరుగుతున్న, సిగ్నల్ సరిగ ఉండదు, ఆదివారం లోపల చూస్త.